తూకం వేయని బిడ్డ

వినయ్ పుట్టిన యేడు కేసీ కాలువకు నీళ్లు రాలేదు. ఆ పై యేడూ రాలేదు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో పొలాలున్న రైతులే బోర్లు వేయించి వేయించి విసిగిపోయి అరుగుల మీద కూర్చున్నారు. వాళ్ల పొలాల్లో కూలి చేసుకుని బతికే, ఊరి బయటి వీధి చర్చిగేరి జనానికి కూర్చునే వీలు కూడా లేదు. పిలిచేవాడుంటేనే పని, పని ఉంటేనే పొయ్యి మీద ఎసరు.

ఆ గేరిలో చివరి ఇల్లు జీవమ్మది. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఒక్కగానొక్క కొడుకు దేవదానం. గుమ్మంలోకి రావాలంటే తల వంచాల్సిన మనిషి. కోడలు సువార్త కూడా పొడగరే. పెళ్లినాడు వాళ్లిద్దరినీ దీవించడానికి పాస్టరుగారు మునికాళ్ల మీద నిలబడాల్సి వచ్చిందని గేరివాళ్లు చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. వీళ్లకు పుట్టబోయే బిడ్డ ఎంత పొడుగవుతాడో అని అప్పుడే పందేలు కూడా వేసుకున్నారు.

సువార్త నిండు నెలలతో ఉండి కూడా పత్తికట్టె పీకే పనికి పోయింది. పోవద్దనడానికి జీవమ్మకు నోరు రాలేదు. ఇంట్లో రాత్రికి జొన్న సంగటి, నంజుకోవడానికి వేరుశనగ బుడ్డల ఊరుబిండి. అది కూడా మగవాడు తిన్నాక, అత్త తిన్నాక, చివర మిగిలింది కోడలికి. కడుపుతో ఉన్న మనిషికి ఏం పెట్టాలో జీవమ్మకు తెలియక కాదు. తన వంతులోంచి ఓ ముద్ద తీసి కోడలి తట్టలో వేసేది. సువార్త దాన్ని తిరిగి అత్త తట్టలో వేసేది. ఇద్దరి మధ్యా ఆ ముద్ద అటూ ఇటూ తిరగడమే తప్ప పెరిగేది కాదు.

బిడ్డ ఇంట్లోనే పుట్టాడు. మంత్రసాని గుడ్డలో చుట్టి చేతికిస్తే, జీవమ్మకు చేతిలో ఉన్నది గుడ్డ బరువో బిడ్డ బరువో తెలియలేదు. ఏడుపు మాత్రం గట్టిగానే ఏడ్చాడు. ఆ ఏడుపు విని దేవదానం సంతోషపడ్డాడు.

వాడికి అయిదో నెల నడుస్తున్నప్పుడు బేతంచెర్ల నుంచి మేస్త్రీ వచ్చాడు. నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీకి మనుషులు కావాలన్నాడు. జంటగా వస్తేనే తీసుకుంటామన్నాడు. గేరిలో సగం ఇళ్లు ఆ వారంలోనే ఖాళీ అయ్యాయి. పసిబిడ్డను వెంట తీసుకుపోదామా అంటే, అక్కడ రేకుల షెడ్డులో ఉండాలి. పగలంతా రాళ్ల దుమ్ము, కింద ఎప్పుడూ ఆరని బురద. అంతకు ముందు యేడు అక్కడికి తీసుకుపోయిన ఒక బిడ్డ రొమ్ము పట్టేసి పోయిందని అందరికీ తెలుసు. అందుకని బిడ్డను జీవమ్మ దగ్గర వదిలిపోవాలని అనుకున్నారు. అనుకున్నారు గానీ, అది ఎవరు అనుకున్నారో, ఎవరి నోటి నుంచి ముందు వచ్చిందో ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు.

లారీ ఎక్కే ముందు సువార్త మళ్లీ వెనక్కి వచ్చింది.

"పాలు దొరక్కపోతే కబురు పెట్టు అత్తా. వచ్చేస్తా."

"పోయిరా. నేనుండా గదా" అంది జీవమ్మ.

ఆ మాట తరువాత ఆమె మనసులో ఎన్నిసార్లు వినిపించిందో.

పాలు పై ఊర్లోంచి, రైతుల ఇళ్ల నుంచి రావాలి. కరువుకు గొడ్లను అమ్ముకోగా మిగిలిన ఒకటి రెండు ఇళ్లలోనే పాడి ఉండేది. వాళ్లు తమ ఇంట్లో పిల్లలకు పోయగా మిగిలింది పోసేవాళ్లు. అందులో జీవమ్మ నీళ్లు కలిపేది. కొన్నాళ్లకు నీళ్లలో పాలు కలిపినట్టయింది. అవి కూడా లేనినాడు గంజి తేట. గంజి కూడా లేనినాడు టీ నీళ్లలో బన్ను ముక్క నానబెట్టి నాలుక మీద పెట్టేది. బిడ్డ చప్పరించి ఊరుకునేవాడు. ఊరుకున్నాడు కాబట్టి కడుపు నిండిందనుకుంది. ఏడ్చే ఓపిక లేక ఊరుకుంటున్నాడని ఆమెకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

పై ఊర్లో అంగన్‌వాడీ ఉందని, అక్కడ పిల్లలకు బలం పొడి ఇస్తారని ఎవరో చెబితే ఒక పొద్దున బిడ్డను చంకనెత్తుకుని వెళ్లింది. అంగన్‌వాడీకి సొంత గది లేదు. రామాలయం వెనక ఒక రైతు ఇంటి ముందు గదిలో అద్దెకు నడిచేది. టీచరు ఉమామహేశ్వరమ్మ. చెడ్డ మనిషి కాదు. జీవమ్మను చూసి పలకరించింది, బిడ్డ మొహం చూసి అయ్యో అంది కూడా. కానీ జీవమ్మ గడప మీద కాలు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపలికొద్దులే జీవమ్మా, ఇంటోళ్లు ఒప్పుకోరు. ఆడే నిలబడు. పొడి తెచ్చిస్తా."

లోపల దూలానికి తక్కెడ వేలాడుతోంది. దాని కింద గుడ్డ ఉయ్యాల్లో ఎవరి బిడ్డో కూర్చుని కాళ్లాడిస్తూ నవ్వుతోంది. లావాటి బిడ్డ. తన మనవడి ఈడే అయ్యుంటుందని జీవమ్మకు అనిపించింది. ఆ బిడ్డ తల్లి తక్కెడ ముల్లు వైపు చూస్తూ టీచరుతో ఏదో అంటోంది.

"మావోన్ని గూడా తూకమెయ్యి తల్లీ."

"తక్కెడ దూలానికి కట్టిండేది. బయటికి రాదు."

ఆ మాట టీచరు చిన్న గొంతుతోనే అంది. జీవమ్మ ఇంకేమీ అడగలేదు. పొడి సంచీ తేవడానికి టీచరు లోపలికి తిరిగింది. ఆమె బయటికి వచ్చేసరికి జీవమ్మ వీధి మలుపులో ఉంది. వెనక నుంచి పిలుపు వినిపించింది. తిరగలేదు. ఎండలో గేరికి నడుచుకుంటూ వచ్చేసింది. తన జన్మలో గడపల బయట నిలబడటం ఆమెకు కొత్త కాదు. కూలి తీసుకునేటప్పుడు నిలబడింది, మజ్జిగ పోయించుకునేటప్పుడు నిలబడింది. ఆరోజు మాత్రం ఎందుకో కాళ్లు నిలవలేదు. ఆ తరువాత పై ఊరి అంగన్‌వాడీ వైపు మళ్లీ పోలేదు.

బేతంచెర్లకు కబురు కూడా పెట్టలేదు. నేనున్నానని మాటిచ్చింది గదా.

దేవదానం, సువార్త మళ్లీ వచ్చేసరికి వినయ్‌కు యేడాది దాటింది. బిడ్డ గోడకు ఆనించితే తప్ప కూర్చోలేకపోయాడు. జుట్టు ఎర్రబారి పీచులా ఉంది. పొట్ట మాత్రం ముందుకొచ్చింది. తల్లి ఎత్తుకోబోతే కొత్తదాన్ని చూసినట్టు చూసి జీవమ్మ కొంగు పట్టుకున్నాడు. సువార్త అత్తను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని జీవమ్మకు చాలాసార్లు అనిపించింది. సువార్త బిడ్డను ఎత్తుకుని దేవదానంతో నంద్యాల పెద్దాసుపత్రికి పోయింది. అక్కడి డాక్టరు మందు కంటే తిండి ముఖ్యమన్నాడు. ఆ మాట విని దేవదానం వరండాలో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

వినయ్ బతికాడు. రెండేళ్లు దాటాక నడిచాడు. నడవడం మొదలుపెట్టాక ఇక నిలవలేదు. గేరిలో ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగే. బళ్లో చేరాక చదువులోనూ వెనకబడలేదు. ఎత్తులో మాత్రం ఎప్పుడూ బడి వరసలో మొదటివాడు. పిల్లల్ని పొట్టివాళ్ల నుంచి పొడుగువాళ్ల వరకు నిలబెడతారు గదా, ఆ మొదటివాడు.

వాడికి ఆరేళ్లు నిండే వేళకు ఊరు మెల్లగా మారసాగింది. ఉపాధి హామీ పని వచ్చింది. గేరివాళ్లు దానికి కరువు పని అని పేరు పెట్టుకున్నారు. చెరువు పూడిక తీయడం, కాలువ గట్లు వేయడం. ఊర్లోనే పని, ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే కూలి. పని చేసే చోటే చెట్టు కింద పరదా కట్టి, పసిబిడ్డలను చూసుకోవడానికి ఒక ముసలమ్మను కూర్చోబెట్టేవాళ్లు. ఆ యేడు బేతంచెర్ల మేస్త్రీ వచ్చి లారీ సగం కూడా నిండకుండానే పోయాడు. పై ఊరి రైతులు కూలికి మనుషులు దొరకడం లేదని, గేరివాళ్లకు పొగరెక్కిందని అన్నారు. అంటూనే కూలి పెంచారు.

సువార్తకు రెండోసారి నెల తప్పింది అప్పుడే. ఈసారి తొమ్మిదో నెలలో ఎవరూ పనికి పిలవలేదు. పిలిచినా పోయేది కాదు. పోనక్కర్లేకపోయింది.

అదే యేడు అంగన్‌వాడీకి ప్రభుత్వమే సొంత గది కట్టించింది. ఎక్కడ కట్టాలనే దాని మీద పంచాయితీలో పెద్ద గొడవే అయింది. చివరికి గేరి మొదట్లో చర్చి పక్కనున్న ప్రభుత్వ స్థలంలోనే కట్టారు. వండే పని ఆడవాళ్ల పొదుపు సంఘానికిచ్చారు. సంఘం తరఫున వండింది గేరి మనిషి కొండమ్మ. గేరి మనిషి వండితే మా పిల్లలు తినరని పై ఊర్లో కొందరు కొన్నాళ్లు పిల్లల్ని పంపలేదు. కొండమ్మ పప్పులో తోటకూర వేసి తాలింపు పెడితే ఆ వాసన బడి దాకా పోయేది. ఆ పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. తల్లులు కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

కడుపుతో ఉన్నవాళ్లు కూడా అక్కడే వచ్చి తినాలి. ఇంటికి తీసుకుపోతే పదిమందికీ పంచి తాము మానేస్తారని ఆ నియమం పెట్టారట. ఆ సంగతి విన్నప్పుడు జీవమ్మకు తట్టల మధ్య తిరిగిన ముద్ద గుర్తుకొచ్చింది. సువార్త రోజూ మధ్యాహ్నం వెళ్లి అన్నం, పప్పు, గుడ్డు తిని, పాలు తాగి వచ్చేది. మొదటి రోజు తిని వచ్చి గడపలో కూర్చుంది. పెళ్లి భోజనం తరువాత మళ్లీ ఇప్పుడే కడుపు నిండా తిన్నానంది.

అక్షయ ఆళ్లగడ్డ ఆసుపత్రిలో పుట్టింది. నర్సు బిడ్డను చేతికిస్తే జీవమ్మ చేతులు కిందికి దిగాయి. అంత బరువు. ఆమె ఏడ్చింది. ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తోందనుకుని నర్సు కోప్పడింది. అందుకు కాదని తల అడ్డంగా ఊపుతూ జీవమ్మ బిడ్డను మళ్లీ ఎత్తి చూసుకుంది.

ఆ పిల్లను నెలనెలా తూకం వేసేవారు. తూకం ఉమామహేశ్వరమ్మే వేసేది. కొత్త గదిలో తక్కెడ గుమ్మానికి దగ్గరగా ఉండేది. జీవమ్మ లోపలికి వెళ్లి తన చేతులతోనే మనవరాలిని గుడ్డ ఉయ్యాల్లో పెట్టేది. ముల్లు ఎక్కడ ఆగిందో ఇద్దరూ ఒంగి చూసేవాళ్లు. ఒక్కరోజు కూడా పాత సంగతి ఆ టీచరు ఎత్తలేదు, ఈమె ఎత్తలేదు.

వినయ్ బడి వదలగానే చెల్లెలి కోసం అంగన్‌వాడీకి వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. ఆరేళ్లు దాటిన పిల్లలకు అక్కడ పెట్టరు. బళ్లో మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు కాబట్టి వాడు ఆకలితో ఏమీ ఉండేవాడు కాదు. అయినా అక్షయ చేతిలో గుడ్డు చూస్తూ ఉండేవాడు. నడక నేర్చినప్పటి నుంచి ఆ పిల్లకు ఒక అలవాటు పడింది. గుడ్డు సగం తిని, మిగతాది గుప్పిట్లో నలిపి, తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి అన్న నోట్లో కుక్కేది. కొండమ్మ అటు తిరిగి గిన్నెలు తోముకునేది. ఉమామహేశ్వరమ్మ కాగితాలు సర్దుకునేది. జీవమ్మ చూస్తూ ఉండేది. ఈ గుడ్డు వీడికి ఏడేళ్ల ముందు వచ్చి ఉంటే అనుకునేది.

ఒకసారి ఊరికి వచ్చిన నర్సమ్మను మనవడి గురించి అడిగింది. ఇప్పుడు బాగా తింటున్నాడు, మరి చెల్లెల్లా ఎదగడం లేదేమని. నర్సమ్మ చిన్న వయసు పిల్ల. మెత్తగా చెప్పడం ఇంకా నేర్చుకోలేదు.

"ఇప్పుడు పెట్టేది ఒంటికి పడుతుందవ్వా. ఎత్తుకు పెద్దగా పట్టదు. కడుపులో పడినప్పటి నించి రెండేండ్ల లోపు పెట్టిందే ఎత్తుకు."

జీవమ్మ తలూపి వచ్చేసింది. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం చేయాలి?

పిల్లలు పెరిగారు. అక్షయ పదో తరగతికి వచ్చేసరికి అన్న కంటే పొడుగైంది. ఇంటర్మీడియట్‌కు నంద్యాలలో ప్రభుత్వ హాస్టల్లో చేరింది. కాలేజీ వాలీబాల్ జట్టులో తీసుకున్నారు. సెలవులకు ఇంటికొస్తే గేరిలో ముసలివాళ్లు ఇది చెల్లెలా అక్కా అని వినయ్‌ను అడిగేవాళ్లు. వాడు కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

వాడికి చిన్నప్పటి నుంచీ పోలీసు కావాలని. డిగ్రీ అయ్యాక నంద్యాలలో ఒక విత్తనాల గోడౌన్‌లో పనికి కుదిరి, కానిస్టేబుల్ పరీక్షకు చదివాడు. తెల్లారకముందే లేచి పరిగెత్తేవాడు. వాడితో పాటు పరిగెత్తేవాళ్లలో ఎవరూ వాడిని అందుకోలేకపోయేవారు. ఎత్తు విషయం వాడికి తెలియదా అంటే తెలుసు. తెలుసు గాబట్టే ఎవరైనా టేపు తెస్తే ఏదో పని చెప్పి తప్పుకునేవాడు. ఇంటికొచ్చినప్పుడల్లా చర్చి వెనక వేపకొమ్మకు చేతులు సాగదీసి వేలాడేవాడు. ఎత్తు పెరుగుతారని ఎవరో చెబితే డబ్బాల్లో అమ్మే పొడి కూడా కలుపుకుని తాగాడు. జీవమ్మ ఆ వేలాడటం చూసి లోపలికి వెళ్లిపోయేది. పెరిగే వయసు ఎప్పుడో దాటిపోయిందని చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. 

రాత పరీక్ష పాసయ్యాడు. గేరిలో ఆదివారం ఆరాధన తరువాత పాస్టరుగారు వాడి పేరు చెప్పి ప్రార్థన చేయించారు. తరువాత ఒంటి కొలతలకు కర్నూలు రమ్మన్నారు.

కర్నూలు పోయినవాడు అదే సాయంత్రం వచ్చేశాడు. రెండంగుళాలు తక్కువన్నారు. పరుగు దాకా పోనివ్వలేదు. ఆ మాట ఆ రోజు వాడు చెప్పలేదు, మర్నాడు వాడితో పోయిన పిల్లలు చెబితే తెలిసింది. ఆ సాయంత్రం కాళ్లు కడుక్కుని, సంగటి పెడితే తిని, ఎప్పటిలాగే పడుకున్నాడు.  దేవదానం ఆ తరువాత కొన్నాళ్లు కొడుకు ఉన్న చోట నిలబడటానికే జంకాడు. వాడు గుమ్మంలో ఉంటే వాడి కళ్ల ముందే తల వంచి లోపలికి రావాల్సి వస్తుందని, బయటే తిరిగేవాడు.

ఆ ఆదివారం బంధువులొచ్చారు. అన్నాచెల్లెళ్లను నిలబెట్టి ఫోన్లో ఫోటో తీస్తామన్నారు. అక్షయ వచ్చి పక్కన నిలబడింది.

"నువ్వు కూర్చో. నేను నిలబడ్తా" అన్నాడు వినయ్.

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. అక్షయ వెంటనే కుర్చీలో కూర్చుంది. ఆ పిల్ల ఆరోజు నుంచి మారిపోయింది. అన్న ఎదురుగా వస్తే భుజాలు ముందుకు వంచి, మెడ లోపలికి తీసుకుని నడిచేది. వీపు చూస్తే ముసలిదానిలా ఉండేది. అంత పొడుగు పెరిగిన పిల్ల, వాడు బాధపడతాడని తనను తాను కుదించుకుంటోంది. జీవమ్మ అది చూసి ఒక మధ్యాహ్నం అన్నం ముందు నుంచి లేచిపోయింది.

వినయ్ ఆమె వెనకే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కొంతసేపటికి అడిగాడు.

"జేజీ, మా నాయన పొడుగు, మాయమ్మ పొడుగు. నేనెవరి పోలిక?"

ఇక దాచడానికి ఏమీ లేదనిపించింది జీవమ్మకు. నిజానికి అది రహస్యం కూడా కాదు, గేరిలో ఎవరిని అడిగినా చెబుతారు. వాడే ఎప్పుడూ అడగలేదు. కరువు గురించి చెప్పింది, లారీ గురించి, టీ నీళ్ల గురించి, పై ఊర్లో గడప దగ్గర నుంచి తిరిగి వచ్చేయడం గురించి చెప్పింది. ఆ పొడి తీసుకుని ఉండాల్సిందని, సిగ్గు చంపుకుని రోజూ పోయి నిలబడి ఉండాల్సిందని చెప్పింది. చెబుతున్నంతసేపూ వాడి మొహం వైపు చూడలేదు. వినయ్ మధ్యలో ఆపలేదు.

"అమ్మకు కబురు పెట్టింటే వచ్చిండేదా?" అన్నాడు చివరికి.

"వచ్చిండేది."

"వచ్చి ఏం తినిండేది?"

 ఇన్నేళ్లు జీవమ్మ తాను కబురు పెట్టలేదని బాధపడిందే తప్ప, పెట్టి ఉంటే తరువాత ఏమై ఉండేదని ఎప్పుడూ ఆలోచించలేదు. వచ్చి ఉంటే సువార్త కూడా ఆ ఇంట్లోనే పస్తులుండేది. ఆమెకు పాలు ఎక్కడి నుంచి వచ్చేవి?

"నువ్వేం తిన్యావ్ ఆ యేడు?" అని అడిగాడు మళ్లీ.

"ఏందో తినింటా లే" అంది. గుర్తుచేసుకోవాలని నిజంగానే ప్రయత్నించింది. ఆ యేడు తన నోట్లోకి పోయింది ఏదీ ఆమెకు గుర్తురాలేదు.

వాడు క్షమించానని అనలేదు. అలాంటి మాటలు ఆ ఇంట్లో ఎవరికీ రావు. లేచి, చేతులు కూడా కడుక్కోలేదు గదా, లోపలికి రా అని ఆమెను తీసుకుపోయాడు.

కొన్నాళ్లకు కంటిపొర చూపించుకోవడానికి జీవమ్మ నంద్యాల వెళ్లింది. అక్షయ హాస్టల్ నుంచి వచ్చి వెంట ఉంది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఒక పెద్దావిడ కళ్లకు నల్లద్దాలతో కూర్చుని ఉంది. గొంతు వినగానే జీవమ్మకు తెలిసింది. ఉమామహేశ్వరమ్మ. ఉద్యోగం నుంచి దిగిపోయి నంద్యాలలోనే తమ్ముడి ఇంట్లో ఉంటోందట. అద్దాలు తీసి అక్షయను పైనుంచి కింది దాకా చూసి మురిసిపోయింది. మన సెంటర్ బిడ్డ అని పక్కనున్నవాళ్లకు చూపించింది. ఎన్నో నెలలో ఎంత తూగిందో తనకు ఇప్పటికీ జ్ఞాపకమేనంది. తరువాత పెద్దోడెట్లున్నాడని అడిగింది.

జీవమ్మ చెప్పింది. రాత పరీక్ష సంగతి, రెండంగుళాల సంగతి. కోపంతో చెప్పలేదు. జరిగింది జరిగినట్టే చెప్పింది.

ఉమామహేశ్వరమ్మ చేతిలోని అద్దాలను కొంగుతో తుడిచింది. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"ఆ ఇల్లు నాది గాదు జీవమ్మా" అంది.

"తెలుసమ్మా."

"దూలానికి కట్టిన తక్కెడ విప్పొచ్చు. తాడే గదా." ఆమె అద్దాలు మళ్లీ పెట్టుకుంది. "నువ్వు పోయినంక ఆ పొడి సంచీ ఎత్తుకుని మీ గేరి దాకా నేనే రావొచ్చు. రాలేదు. మేము గేరికి పోయే అలవాటు లేదు అప్పుడు."

 జీవమ్మకు ఆమెను ఓదార్చాలో, ఆమెతో పాటు ఏడవాలో, లేక ఇన్నేళ్ల తరువాత ఇప్పుడన్నా కోపం తెచ్చుకోవాలో తేలలేదు. అంతలో లోపలి నుంచి జీవమ్మ పేరు పిలిచారు. లేచి పోతూ పోతూ ఉమామహేశ్వరమ్మ భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. అంతే.

అక్షయ ఆ మాటలన్నీ విన్నది. జేజిని ఇంటి దాకా దిగబెట్టడానికి తిరుగు బస్సులో ఆమె పక్కనే కూర్చుంది. ఆళ్లగడ్డలో దిగి ఆటో ఎక్కేదాకా ఆమె చెయ్యి పట్టుకునే ఉంది. ఆ రాత్రి ఇంట్లో ఏం చెప్పిందో, ఎవరికి చెప్పిందో జీవమ్మకు తెలియదు.

దసరా సెలవుల్లో ఒక పొద్దున జీవమ్మ కాలువ గట్టు మీదికి వెళ్లింది. కాలువలో నీళ్లు నిండుగా పోతున్నాయి. గట్టు మీద వినయ్, అక్షయ పరిగెత్తుతున్నారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆడపిల్లలకు కావలసిన ఎత్తు అక్షయకు ఎప్పుడో దాటిందని, వయసు రాగానే పరీక్ష రాయాలని వాడే పట్టుబట్టి తయారు చేస్తున్నాడు. తన పుస్తకాలు, తను చదివి పాసైన పాఠాలు అన్నీ ఆ పిల్ల ముందు పెట్టాడు. ఆ పిల్లకు పోలీసు కావాలని ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఆ పిల్ల కూడా వద్దనలేదు. వాడు మాత్రం ఎత్తు అడగని ఏవో ఉద్యోగాలకు రాస్తున్నాడు. ఇంకా ఏదీ రాలేదు. గోడౌన్ పనే సాగుతోంది.

జీవమ్మ కంటికి ఇప్పుడు బాగా కనపడుతోంది. అంత పొడుగు కాళ్లున్న పిల్లను వెనక్కి నెట్టి పొట్టివాడు ముందు పోతున్నాడు. ఆ పరుగు కర్నూల్లో ఎవరూ చూడలేదు గదా అనుకుంది. కొండమ్మ వండిన పప్పు వీడి తల్లి తిని ఉంటే, ఆ తక్కెడలో వీడిని కూర్చోబెట్టి ఉంటే, ఈ పరుగుకు ఆ రెండంగుళాలు కూడా తోడై ఉంటే వీడు ఎట్లుండేవాడో ఊహించుకోబోయింది. ఊహకు రాలేదు. ఆమెకు తెలిసింది ఈ వినయే.

అక్షయ ఆయాసంతో ఆగింది. అన్న వెనక్కి తిరిగి వస్తుంటే అలవాటుగా భుజాలు వంచుకుంది. వినయ్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తల ఎత్తి ఆ పిల్ల మొహంలోకి చూసి, వీపు మీద గట్టిగా ఒక చరుపు చరిచాడు.

"వంగొద్దు. నాకోసం వంగేది మానుకో."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని నిటారుగా నిలబడింది. వాడు మళ్లీ ముందుకు పరుగు తీశాడు. ఆమె వాడి వెనక పరుగందుకుంది. ఇద్దరూ మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా జీవమ్మ గట్టు మీదే నిలబడి, ఆ తరువాత గేరి వైపు మెల్లగా నడిచింది.